అన్సెల్మో ట్రంపెట్‌కు సోర్దీనా

ఆ సోమవారం ఉదయం అన్సెల్మోకు ఉన్న పని ఒక్కటే: సంతోషాన్ని మూడు రోజులు దాచుకోవడం. గురువారం ఆరింటికి అతనికీ రొట్టెల దుకాణం లియోంటీనాకూ చర్చిలో పెళ్ళి. ఆ కొండ ఊళ్ళో లియోంటీనా లాంటి వితంతువు మళ్ళీ పెళ్ళాడితే జనం ఆటపట్టిస్తూ గిన్నెలూ మూకుళ్ళూ వాయిస్తూ వెంటపడతారు.

"సోర్దీనా పెట్టు అన్సెల్మో! ఒక్క గిన్నె చప్పుడు వినపడిందా, గుమ్మంలోంచే వెనక్కి పోతా" అని ఆమె ముందే తెగేసి చెప్పింది.

గుట్టుగా కానిమ్మనడానికి అక్కడ అందరూ వాడే మాటే అది. అన్సెల్మో ఊరి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు కనుక చప్పుడు తగ్గించే అసలు సోర్దీనా బిరడానే బయటికి తీశాడు. రోజూ ఏడింటికి కిటికీలో నిలబడి ఊరదిరేలా ఊదే మనిషి, ఆ పూట ట్రంపెట్ నోట్లో ఆ బిరడా కుక్కి సన్నగా ఊదాడు. బొత్తిగా మానేద్దామంటే ఆనందం ఆగేలా లేదు.

ఎదురింటి డోసొలీనా పొయ్యి మీద కాఫీ వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, ఊపిరాడట్లేదా?"

"అబ్బే, చిన్న విషయం అక్కా. గురువారంతో అయిపోతుంది."

"డాక్టరు చెప్పాడా?"

"ఫాదర్ చెప్పాడు."

ఆమె సిలువ గుర్తు వేసుకుని ఇరుగుపొరుగుకు చెప్పడానికి పోయింది. మధ్యాహ్నానికి దర్జీ, అన్సెల్మో నల్లసూటు కుట్టమన్న సంగతి బయటపెట్టాడు. "ఒక్క పూటకేగా, ఎలాగో కుట్టెయ్" అన్నాడట. ఆదివారం ఫాదర్ పెళ్ళి ప్రకటనను ప్రార్థన కోసం చదివే రోగుల పేర్ల వెనకాలే గొణిగెయ్యడంతో అన్సెల్మో పేరు మాత్రమే వినపడిన సంగతి అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. గురువారం ఆరింటికి చర్చి తన పేరున ఖాయం చేసుకున్నాడని కూడా తెలిశాక, ఎంత ముందుచూపో అని ఊరు కళ్ళొత్తుకుంది. ఇంటింటి నుంచీ గిన్నెల్లో కోడి సూపు వచ్చింది. నోరు తెరిస్తే గుట్టు రట్టవుతుందని అన్సెల్మో అంతా తాగాడు.

గురువారం అతను పూలగుత్తితో చర్చిలో అడుగుపెట్టేసరికి ఊరంతా నల్లబట్టల్లో నిలబడి ఉంది. బ్యాండు దగ్గర శవపేటిక మీద పెట్టే పెద్ద పూలచక్రం కూడా ఉంది.

"ఇంకా పోలేదా!" అంది డోసొలీనా.

అన్సెల్మో తల దించుకుని నిజం చెప్పేశాడు. అంతలో లియోంటీనా గుమ్మంలోకి వచ్చింది. ఇక వెనక్కి తిరుగుతుందని అతను పూలగుత్తితో ఎదురు పోయాడు. ఆమె అందరి చేతుల వంకా చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఒక్కరూ గిన్నె తేలేదా? నేనంటే అంత లోకువా మీకు?"

"ఎక్కణ్ణుంచి తెస్తాం తల్లీ?" అంది డోసొలీనా. "అన్నీ ఈయనగారి వంటింట్లోనే ఉన్నాయి!"

పెళ్ళికొడుకే వెళ్ళి తన ఇంటి తాళం తీసి, ఇంకా తోమని గిన్నెల్ని ఊరికి వరసగా అందించాడు.