అంతరిక్షంలో ఒడి

మూడేళ్లలోపు పిల్లలు తల్లి ఒడిలో కూర్చుని అంతరిక్షానికి ఉచితంగా ప్రయాణించవచ్చని ప్రయాణాల శాఖ సోమవారం ప్రకటించింది. అంతరిక్షంలో ఒడి ఉండదన్న సంగతి శాఖకు బుధవారం తెలిసింది. మధ్యలో ఉన్న మంగళవారం అభినందనలు అందుకోవడానికి సరిపోయింది.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. అంతరిక్ష ప్రయాణానికి నిబంధనలు రాయమని శాఖకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గడువు తక్కువ. బస్సు ప్రయాణానికి నిబంధనలు శాఖ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక గుమస్తా కంప్యూటరు ముందు కూర్చుని ‘బస్సు’ అని ఉన్న చోటల్లా ‘నౌక’ అని మార్చాడు. భోజనాల వేళకు పని ముగిసింది. ఆ ప్రకారం నౌక కదులుతుండగా ఎక్కరాదు, దిగరాదు. కిటికీలోంచి చేయి బయట పెట్టరాదు. కోళ్లను వెంట తేరాదు. టికెట్టుకు సరిపడా చిల్లర తెచ్చుకోవలెను. వీటి మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. మొదటి రెండూ బస్సులో కన్నా నౌకలోనే బాగా అమలవుతాయని శాఖ నమ్మకం.

పిల్లల నిబంధనతో మాత్రం ఒకామెకు పని పడింది. ఆమె గాలి మెకానిక్. భూమి చుట్టూ తిరిగే స్టేషన్‌లో మనుషులు వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్లీ వాళ్లకే ఇచ్చే యంత్రం ఒకటుంది. దాన్ని విప్పి, మరలు మిగలకుండా బిగించగలవాళ్లు ఇద్దరే. ఇద్దరిలో ఆమె పేరు మొదటిది. తొమ్మిదేళ్లు శిక్షణ తీసుకుంది. రెండేళ్ల డ్యూటీకి పిలుపు వచ్చేసరికి చంకలో పది నెలల పిల్ల ఉంది. ఇంట్లో దాన్ని బొంగరం అంటారు. పడుకోబెట్టిన చోట లేపిన దాఖలా లేదు.

నెలాఖరుకు నౌక బయల్దేరుతుంది. ఆమె శాఖను ఒకే మాట అడిగింది: పిల్లను తీసుకెళ్లవచ్చా, కూడదా? వెళ్లవచ్చంటే సామాన్లు సర్దుకుంటుంది. కూడదంటే ఆగిపోతుంది, జాబితాలో రెండో మెకానిక్ వెళ్తాడు. పిల్లను వదిలి వెళ్లే ఉద్దేశం లేదా అని గుమస్తా విచారించాడు.

“రెండేళ్ల తర్వాత తిరిగొస్తే అది నన్ను ఆంటీ అంటుంది బాబూ,” అంది ఆమె.

ప్రశ్న చిన్నది కాబట్టి శాఖ సంఘం వేసింది. అధ్యక్షుడు ఆ శాఖలోనే పెద్ద పదవి చేసి రిటైరైనవాడు. సభ్యులు ముగ్గురు: పిల్లల డాక్టరమ్మ, న్యాయ సలహాదారు, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్. మొదటి సమావేశంలో అధ్యక్షుడు ప్రసంగించాడు.

“నేటి బాలలే రేపటి పౌరులు అన్నారు పెద్దలు. రేపటిదాకా ఎందుకు ఆగాలి? నేటి బాలలే నేటి ప్రయాణికులు! ఉయ్యాల నుంచి నౌకలోకి, నౌక నుంచి నక్షత్రాల్లోకి! ఈ సంఘం పసిపిల్లల పక్షాన నిలబడుతుందని హామీ ఇస్తున్నాను.”

చప్పట్లు ఆగాక లెక్చరర్ లేచాడు.

“నిలబడటం అంటే గుర్తొచ్చింది సార్. మీరొక్కసారి లేచి నిలబడతారా?”

అధ్యక్షుడు లేచాడు.

“ఇప్పుడు మీ ఒడి ఏది సార్?”

అధ్యక్షుడు కిందికి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి కుర్చీలో చూశాడు. న్యాయ సలహాదారు వంగి బల్ల కింద వెతికాడు.

“ఇందాక ఉందే,” అన్నాడు అధ్యక్షుడు.

“కూర్చుంటేనే ఒడి సార్. బరువుంటేనే కూర్చోవడం. పైన బరువు తెలియదు. అందరూ తేలుతుంటారు. కూర్చోవడం లేదు కాబట్టి ఒడీ లేదు.”

అధ్యక్షుడు కూర్చున్నాడు. ఒడి తిరిగి వచ్చింది. ఈ విషయం రికార్డులో నమోదైంది.

మర్నాటి సమావేశానికి మెకానిక్‌ను పిలిచారు. ఆమె పిల్లను చంకనేసుకుని వచ్చింది. ఉన్న ఇబ్బందిని అధ్యక్షుడు వివరించాడు.

“ఒడి లేకపోతే పోనీండి సార్, చంకనేసుకుంటా. చంక ఉంటుంది కదా పైన?”

అందరూ లెక్చరర్ వైపు చూశారు. ఆయన చేయి ఎత్తాడు, దించాడు, ఆలోచించాడు.

“చంక ఉంటుంది,” అన్నాడు.

“ఉంటే ఉండనీండి,” అన్నాడు న్యాయ సలహాదారు. “నిబంధనలో ఒడి అని ఉంది. ఇవాళ చంక అంటారు. రేపు వీపు అంటారు. ఎల్లుండి నెత్తిన పెట్టుకుంటామంటారు. ఎక్కడ ఆపుతాం?”

ఎక్కడ ఆపాలో ఎవరికీ తోచలేదు. పిల్లను చంకనేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఒడి కోసం ఊరంతా వెతకాలని సంఘం తీర్మానించింది. ఇక్కడ పాఠకులకు ఏదైనా సామెత గుర్తొస్తే అది వారి సొంత బాధ్యత.

డాక్టరమ్మ చేయి ఎత్తింది. “సార్, ఒడి తర్వాత చూద్దాం. కాళ్ల మీద బరువు పడితేనే పిల్లల ఎముకలు గట్టిపడతాయి. నడక రావాలంటే నిలబడాలి, పడాలి, లేవాలి. పైన పడటానికే వీల్లేదు. రేడియేషన్ ఒకటుంది. ఎదిగే ఒళ్లు దాన్ని ఏమాత్రం తట్టుకుంటుందో ఎవరూ చూడలేదు. చూడాలంటే ఏ పిల్ల మీదో చూడాలి. ‘సరే’ అనడానికి దానికి ఇంకా మాటలు రాలేదు.”

“చాలా మంచి పాయింట్లమ్మా,” అన్నాడు అధ్యక్షుడు. “ఇతర విషయాల కింద రాయించండి.”

ఇతర విషయాలు సమావేశం చివర వస్తాయి. సమావేశం చివర టీ వస్తుంది. ఎప్పుడూ టీయే ముందొచ్చింది. డాక్టరమ్మ మాటలను ఆ గదిలో చివరిదాకా విన్నది మెకానిక్ ఒక్కతే. బొంగరం కూడా వినేదే కానీ, అది అధ్యక్షుడి పెన్ను మూత నములుతోంది.

“పిల్ల తండ్రి లేరా?” అని న్యాయ సలహాదారు అడిగాడు.

“ఉన్నారండీ. ఇంట్లోంచే ఉద్యోగం.”

“పాపం, ఆయన పని ఆయనకుంటుంది,” అన్నాడు అధ్యక్షుడు. సంఘం విచారం వ్యక్తం చేసింది.

తండ్రి అంత నిర్దయుడేమీ కాదు. ఆ సాయంత్రమే తనంతట తానే అన్నాడు, “నువ్వెళ్లిరా. బొంగరాన్ని నేను చూసుకుంటాను.”

“చూసుకుంటావా? ఇప్పుడెక్కడుంది?”

ఆయన కంప్యూటరు మీదుగా గదంతా కలియజూశాడు. “ఇక్కడే ఎక్కడో ఉండాలి. ఇందాక చప్పుడైంది.”

“ఏ చప్పుడు?”

“అది అడక్కు. చప్పుడైంది, అంతే. ఏడవలేదుగా.”

పిల్ల ఆమె చంకలోనే ఉంది. తండ్రిని చూసి నవ్వింది. ఆయన చేయి ఊపి, కంప్యూటరులో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నవాళ్లకు క్షమాపణ చెప్పాడు.

ఈలోగా సంఘం కృత్రిమ ఒడికి టెండరు పిలిచింది. షరతులు న్యాయ సలహాదారు రాశాడు: ఒడి మెత్తగా ఉండవలెను, మరీ మెత్తగా ఉండరాదు. వెచ్చగా ఉండవలెను. అప్పుడప్పుడు ఊగవలెను. తడిసిన యెడల కేకలు వేయరాదు. టెండరు ఒక పరుపుల తయారీదారుకు దక్కింది. ఆయన ముప్ఫయ్యేళ్లుగా దిళ్లు చేస్తున్నాడు. తల్లి అంటే దిండే కదా, మధ్యలో మడత పెడితే చాలు అని ఆయన సిద్ధాంతం. వాసన కోసం మెకానిక్ పాత చొక్కా ఒకటి అడిగి తీసుకున్నాడు. అందులో పాలు, సబ్బు, యంత్రాల గ్రీజు సమపాళ్లలో ఉన్నట్లు ప్రయోగశాల తేల్చింది. ఇకముందు దేశంలో తయారయ్యే ఒడులన్నిటికీ గ్రీజు తప్పనిసరి అయింది.

కృత్రిమ ఒడిని దేనితో పోల్చి చూడాలన్న చర్చ వచ్చింది. అసలు ఒడి ఒకటి కావాలి. లెక్చరర్‌నూ, గుమస్తానూ ఇళ్ల మీదికి పంపారు.

మొదటి ఇంట్లో తల్లి ఒడిలో ఫోను, ఫోనుకు చార్జరు ఉన్నాయి. చార్జరు తీగ పొట్టిది కాబట్టి ఆమె కదల్లేనంది. రెండో ఇంట్లో తాతగారి ఒడిలో కుక్కపిల్ల నిద్రపోతోంది. మనవడు వచ్చి తాతయ్యా అంటే ఆయన నోటి మీద వేలు పెట్టుకుని “ష్, లేస్తుంది” అన్నాడు. మూడో ఇంట్లో అత్తాకోడళ్ల ఒడులు రెండూ ఖాళీగానే ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లను పిలిచి కూర్చోమన్నారు. ఆ పిల్ల ఒడిలో టాబ్లెట్ ఉంది. “నాకు ఖాళీ లేదు నానమ్మా,” అంది.

నాలుగోది మెకానిక్ ఇల్లే. తండ్రి సోఫాలో కూర్చుని ఉన్నాడు, ఒడిలో కంప్యూటరు. గుమస్తా వచ్చిన పని చెప్పాడు. ఆయన ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. వాళ్లు వీధిలో మిగిలిన ఇళ్లన్నీ ముగించుకుని తిరిగి వచ్చారు. వేలు అలాగే ఉంది.

సర్వే నివేదిక క్లుప్తంగా ఉంది: ‘ఊళ్లో ఒడులకు కొరత లేదు. ఖాళీకి కొరత ఉంది.’

పోల్చడానికి అసలు ఒడి దొరకనందున కృత్రిమ ఒడినే ప్రామాణిక ఒడిగా గుర్తించారు. దాని ప్రదర్శనకు సమావేశ మందిరంలో తల్లిదండ్రులను, పిల్లలను పిలిచారు. పరుపులాయన గుడ్డ తొలగించాడు. పిల్లల్ని ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. కాసేపు గింజుకున్నారు. తర్వాత వెనక్కి వాలారు. దిగనన్నారు. రెండేళ్ల పిల్లవాడొకడు దాన్ని పట్టుకుని ఏడ్చాడు.

“రహస్యమేమీ లేదు సార్,” అన్నాడు పరుపులాయన. “మా ఒడి లేచిపోదు. ఫోనొచ్చినా లేవదు. ‘దిగమ్మా, పనుంది’ అనదు. అంతే తేడా.”

మందిరంలో ఒక తండ్రి గొంతు సవరించుకుని లేచాడు. తల్లిదండ్రులు సిగ్గుపడి ఉంటారని అధ్యక్షుడు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంటున్నాడు.

“ఇంటికి డెలివరీ ఉందా అండీ?” అన్నాడు తండ్రి.

సాయంత్రానికి ఏడాదికి సరిపడా ఆర్డర్లు వచ్చాయి. మా ఇద్దరికీ చెరొకటి అని ఒక జంట, సోఫా రంగుకు నప్పేది అని మరో జంట. నౌకకు కావలసిన ఒక్క ఒడిని ఇప్పట్లో ఇవ్వలేనని పరుపులాయన సంఘానికి విన్నవించుకున్నాడు. భూమ్మీద గిరాకీ తీరాక అంతరిక్షం సంగతి చూస్తానన్నాడు.

మెకానిక్ బయట వరండాలో డాక్టరమ్మను ఆపింది.

“డాక్టరుగారూ, వీళ్ల సంగతి వదిలేయండి. మీ పిల్లయితే తీసుకెళ్తారా?”

“తీసుకెళ్లొద్దనడానికి నా దగ్గర రుజువు లేదమ్మా. తీసుకెళ్లమనడానికి అసలే లేదు. తెలియదు. అంతవరకే తెలుసు.”

“ఎప్పటికీ కూడదంటారా?”

“ఎప్పటి సంగతో నాకెందుకు? ఇది ఇంకా నిలబడలేదు.”

మెకానిక్ పిల్లను వరండా గచ్చు మీద దింపింది. అది గోడ పట్టుకుని లేచింది, ఊగింది, కూలబడింది. కోపంగా గచ్చుకేసి చూసి, దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ గోడ పట్టుకుంది. వాళ్లమ్మ నవ్వింది. లోపలికి వెళ్లి, తాను వెళ్లడం లేదని చెప్పింది.

“తర్వాతి నౌకకు నా పేరే రాసుకోండి సార్. అప్పటికిది పరిగెడుతుంది.”

తర్వాతి నౌకకు జాబితా కొత్తగా తయారవుతుందని అధ్యక్షుడు చెప్పాడు. ఒడి లభ్యమయ్యేదాకా పిల్లల ప్రశ్నను సంఘం వాయిదా వేసింది. మెకానిక్‌కు ‘ఆదర్శ మాత’ అని ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో తల్లి ప్రేమ గురించి పదమూడు వాక్యాలున్నాయి. గాలి యంత్రం గురించి ఒక్కటీ లేదు.

నెలాఖరున రెండో మెకానిక్‌కు వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. బ్యాండు వాయించారు. కర్తవ్యం పిలిస్తే ఇంటివైపు తిరిగి చూడని ధీరుడని అధ్యక్షుడు పొగిడాడు. ఆయన అందరికీ చేయి ఊపి నౌక ఎక్కాడు. ముందు వరసలో ఆయన భార్య తొమ్మిది నెలల కొడుకును ఎత్తుకుని నిలబడింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆనందబాష్పాలని పత్రికలు రాశాయి.

సంఘం నెలంతా కూర్చుంది. ఆయనకు పిల్లలున్నారా అని ఎవరూ అడగలేదు. ఇంతదూరం చదివిన మీరూ అడగలేదు.