రెండుసార్లు తట్టినందుకు

ఆ ఆదివారం అమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కూతురు ఓడిపోతుంది, పదకొండింటికి ముగ్గురూ ఇంటికొస్తారు, పన్నెండింటికల్లా ఆ తెల్లబట్టలు అటకెక్కుతాయి. మొదటి పోటీలోనే ఓడిపోతే జియు-జిట్సు కుస్తీ మానేస్తానని కూతురి చేత ఒట్టు వేయించుకుంది మరి. పదహారేళ్ల పిల్ల ఎవరితోనో కలబడి నేలమీద దొర్లడం ఆవిడకి ఎంతకీ మింగుడుపడలేదు.

అమ్మ ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడుపుతుంది. ఎవరు ఏడ్చినా భుజం మీద మెత్తగా రెండుసార్లు తట్టడమే అక్కడి మందు. బడి నుంచి రాగానే కూతురిదీ అదే పని.

పోటీ మొదలైంది. కూతురు ఎదుటి పిల్ల కాలరు పట్టుకుని, చటుక్కున తనే కింద కూర్చుంది.

అమ్మ పక్కనే ఉన్న నాన్నని మోచేత్తో పొడిచింది. "అదేంటండీ, కూర్చుండిపోయింది!"

"అదో ఎత్తులే," అంటూ నాన్న నియమాలు రాసుకున్న కాగితం విప్పాడు. "కిందనుంచి తిరగేసి పైకొస్తే రెండు పాయింట్లు. మీదెక్కి మూడు సెకన్లు కదలకుండా ఉంటే నాలుగు. ఎన్ని వచ్చినా, 'ఇక నావల్ల కాదు' అన్నట్టు ఎదుటివాళ్లని చేత్తో తడితే మాత్రం అంతే సంగతులు."

"మీదెక్కి కూర్చుంటే నాలుగా! లెక్కల పరీక్షలో ఇంత ధారాళంగా ఎవరైనా మార్కులు వేశారా దీనికి?"

ఆ మాట పూర్తయ్యేలోపే కూతురు ఎదుటి పిల్లని తిరగేసి మీదెక్కేసింది; బోర్డు మీద ఆరు, సున్నా కనిపించాయి. కూతురు ఆ పిల్ల చెయ్యి ఒడిసిపట్టి లాగింది.

"అమ్మా!" అని ఆ పిల్ల కేక.

కూతురు ఉలిక్కిపడి చెయ్యి వదిలేసింది. అలవాటు కొద్దీ ఆ పిల్ల భుజం మీద మెత్తగా రెండుసార్లు తట్టింది.

రెఫరీ ఆపేశాడు. ఓడిపోతున్న పిల్ల చెయ్యి పైకెత్తాడు. ఆ పిల్లే అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది.

"తట్టడమంటే ఒప్పుకున్నట్టేనమ్మా," అన్నాడు రెఫరీ. కూతురి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

అది చూడగానే అమ్మ విసురుగా లేచి మ్యాట్ దాకా వెళ్లింది.

"చెప్పులు, చెప్పులు!" అని అరిచాడు రెఫరీ.

అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. రెఫరీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓదారిస్తే ఓడినట్టా? ఆ పిల్ల 'అమ్మా' అని అరిస్తేనే కదా మాది తట్టింది! మూడో వరసలో ఉన్న నాకు వినిపించింది, పక్కనున్న మీకేమైంది?"

"అరిచిందా? తట్టకముందా, తర్వాతా?"

"ముందే! ఏడవకముందే ఎవరైనా ఊరుకోబెడతారా?"

"వచ్చెయ్యవే, నీకే మంచిది," అని వెనకనుంచి నాన్న గొణిగాడు. ఆవిడ వినిపించుకుంటేగా!

ఎదుటి పిల్ల ముక్కు తుడుచుకుంటూ, "అరిచానండీ, చాలా నొప్పేసింది," అంది.

రెఫరీ నిర్వాహకుల బల్ల దగ్గరికెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి వచ్చాడు. నొప్పికి అరవడం కూడా ఒప్పుకున్నట్టేనట. పోటీ అక్కడితోనే అయిపోయింది కాబట్టి తర్వాత ఎవరు ఎవర్ని తట్టినా లెక్కలోకి రాదట. ఈసారి కూతురి చెయ్యి పైకి లేచింది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అమ్మే. చెప్పులు ఇంకా చేతిలోనే ఉండటంతో ఆ చప్పుడు హాలంతా వినిపించింది. మూడోసారి కొట్టేసరికి ఒట్టు గుర్తొచ్చింది. ఆవిడ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"రెండో పోటీ పన్నెండింటికట," అంది కూతురు, భయం భయంగా.

అమ్మ చెప్పులు కింద పడేసింది. కూతురి భుజం మీద మెత్తగా రెండుసార్లు తట్టింది.

నాన్న కాగితం చూశాడు. నియమాల ప్రకారం అది ఒప్పుకున్నట్టే.