మంత్రిగారి సంరక్షణలో గుడ్డు

"ఇకమీదట ఈ ప్రాంతంలో నా అనుమతి లేకుండా ఒక్క పిట్ట కూడా చావడానికి వీల్లేదు!"

అటవీ శాఖామాత్యులు శ్రీ ఉచ్చీరప్పగారు 1983 సెప్టెంబరులో ఆదోని సభలో ఈ చరిత్రాత్మక ప్రకటన చేశారు. విలేఖరిగా నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. పందిరి మీద పిచ్చికలు మాత్రం చప్పట్లకు బెదిరి లేచిపోయాయి. వాటికి రాజకీయ పరిజ్ఞానం తక్కువ.

మంత్రిగారికి పక్షి ప్రేమ కలగడానికి ఢిల్లీ సర్క్యులరే కారణమని గిట్టనివాళ్ళు అంటారు. ప్రతి మంత్రీ అంతరించిపోతున్న జీవిని ఒకదాన్ని కాపాడి, ఫోటో పంపాలట. ఆయన వెంటనే తన అనుచరుడు తిక్కయ్యను పిలిపించారు. నేను అక్కడే ఉన్నాను.

"మన పక్క అంతరించిపోయేది ఏముందిరా?"

"ఆస్పరి ఫారెస్టు బీట్లో బట్టమేక పిట్ట ఉందంట సార్. యూనివర్సిటీ నుంచి ఒకాయప్ప వచ్చి, దాన్ని సదువుతాండాడు."

"పిట్టకు సదువు సెప్తాండాడా?"

"లేదు సార్. పిట్ట ఊరికే ఉంటాది. ఈయప్ప సదువుతాడు."

"పాసైతే ఏమైతాడు?"

"డాక్టరు సార్."

"భేష్! పిట్టకు జబ్బు చేస్తే మళ్ళీ ఇంకొకర్ని పిలిసే పని లేదు" అని మంత్రిగారు ప్రయాణం ఖాయం చేశారు.

ఆ ఒకాయప్ప పేరు చక్రపాణి. మంత్రాలయం దగ్గర పంతుళ్ళ ఇంటివాడు. ఎకాలజీలో పీహెచ్‌డీ చేస్తూ రెండేళ్ళుగా బడే సాబ్ అనే రైతు బీడులో గుడిసె వేసుకుని, బైనాక్యులర్స్‌తో కాపురం చేస్తున్నాడు. మేకంత ఎత్తుండే ఆ పిట్ట గూడు కట్టదు. కటిక నేల మీద ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అది అచ్చం రాయిలాగే ఉంటుంది. పోయిన ఏడాది గుడ్డును కుక్క తినేసింది. ఈ ఏడాదీ పిల్ల లేవకపోతే థీసిస్‌లో ఆఖరి చాప్టర్ లేనట్టే, డాక్టరేటు లేనట్టే. పొదగడం మొదలై ఇరవై రెండు రోజులైంది. ఇంకో అయిదు రోజులు గడవాలి.

"స్వామీ, ఆ పిట్టన్నా మేతకని లేస్తాది. నువ్వు లెయ్యవు కదప్పా! నీకంటే అదే మేలు" అని బడే సాబ్ రొట్టె తెచ్చి పెట్టేవాడు.

మంత్రిగారు వచ్చే ముందురోజు తిక్కయ్య, సన్మానానికి శాలువా తెమ్మని చక్రపాణిని ఎమ్మిగనూరు తరిమాడు. మంత్రి నడిచే దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు పెట్టడం మా దగ్గర మర్యాద. రాళ్ళు లేకపోతే మంత్రి దారి తప్పుతాడేమో నాకు తెలియదు. తిక్కయ్య మనుషులు మర్నాడు పొద్దున్నే వచ్చి, గడ్డి చెక్కి, బీడులో కనబడిన ప్రతి గుండ్రాయినీ సున్నం తొట్టిలో ముంచి వరస పెట్టారు. ఒక రాయి తేలిగ్గా ఉందని ఒకడన్నాడట. సర్కారు పనిలో తేలిక దొరికినప్పుడు నోరు మూసుకోమని పక్కవాడు బుద్ధి చెప్పాడట.

చక్రపాణి ఉదయం బస్సు దిగి శాలువాతో పరుగెత్తుకొచ్చాడు. గుడ్డు పక్కన తను గుర్తుకు పాతిన కర్ర గూటం అలాగే ఉంది. గుడ్డు లేదు. ఎదురుగా తెల్లగా, చక్కగా, రెండు వందల రాళ్ళు.

"అయ్యో! అయ్యయ్యో! సున్నానికి పెంకు బెజ్జాలు మూసుకుంటే లోపలి పిల్లకు ఊపిరాడదు బడే సాబ్!"

"ఏడిస్తే దొరుకుతాదా? పట్టుకుని సూడు స్వామీ, వెచ్చగా ఉంటాది!"

ఎండకు అన్ని రాళ్ళూ వెచ్చగానే ఉన్నాయి. ఇక ఒకటొకటీ ఎత్తి చూడాల్సిందే. పాపం, కాబోయే డాక్టరు మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టాడు. బడే సాబ్ రెండో వరస అందుకున్నాడు. మంత్రిగారి కంటే ముందే చేరుకున్న నేను కూడా ప్రజాసేవ అనుకుని వంగాను.

"ఏందప్పా, లైను సెడగొడతాండారు! పొద్దున్నుంచి సస్తాండాము ఈడ!" అని తిక్కయ్య వెంటపడ్డాడు.

నూట నలభయ్యో, నూట యాభయ్యో రాయి దగ్గర బడే సాబ్ ఆగిపోయాడు. "యా అల్లా, దొరికె!" అని తడి తువ్వాలు తీశాడు. సున్నం ఇంకా ఆరలేదు. ఇద్దరూ పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు తుడిచారు. చక్రపాణి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఉందన్నా! కదులుతోంది!" అని ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. గుడ్డును గూటం పక్కన పెట్టేసరికి జీపులు రానే వచ్చాయి.

మంత్రిగారు దిగి, "గుడ్డు యాడ?" అన్నారు.

వెనక మూడొందలమంది జనం, మైకు సెట్టు, తప్పెట్లు. చక్రపాణి గూటం వైపు ఒక్కసారి చూశాడు. పంతుళ్ళ బిడ్డ, జన్మలో అబద్ధమాడి ఎరగడు. చెయ్యి సాచి, దూరంగా రోడ్డు పక్కనున్న చిట్టచివరి రాయిని చూపించాడు.

"అదే సార్."

జనమంతా అటు పరుగెత్తారు. మంత్రిగారు రాయికి పూలమాల వేసి, శాలువా కప్పి ఫోటో దిగారు. "ఎంత తెలుపప్పా! మా నాయకత్వంలో గుడ్లు ఇట్ల ఉంటాయి" అని గంటసేపు ప్రసంగించారు. అక్కడికక్కడే ముళ్ళకంచె, రేకుల షెడ్డు, ఇద్దరు వాచర్లు మంజూరు చేశారు. ఇటు గూటం దగ్గర మనిషన్నవాడు లేడు. పొద్దు వాలేముందు తల్లి మెల్లగా వచ్చి కూర్చుంది.

అయిదో రోజు పిల్ల లేచింది. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. పేపరుకు రాయొద్దని బడే సాబ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "తెలిసిందంటే దాన్నీ కాపాడతారన్నా!" అన్నాడు. నేను రాయలేదు. చక్రపాణి మాత్రం ఆఖరి చాప్టర్ రాసుకుంటున్నాడు.

నెలయ్యాక మంత్రిగారు కబురు పంపారు. ఇంకా పిల్ల కాలేదేమని అడిగారట. "ప్రభుత్వానిది కదా సార్, టైం పడుతుంది" అని చక్రపాణి జవాబు రాశాడు. మంత్రిగారు సబబేనని ఒప్పుకుని, వాచర్లకు గడువు పొడిగించారు.

మొన్న నేను అటు వెళ్ళినప్పుడు షెడ్డు దగ్గర కాసేపు నిలబడ్డాను. తల్లి పిట్ట పిల్లను వెంటబెట్టుకుని మిడతలు ఏరుకుంటూ కంచె దాకా వచ్చింది. వాచరు దిగ్గున లేచి మట్టిపెళ్ళ అందుకున్నాడు.

"హోయ్! యాడికొస్తాండావే? ఈడ గవర్మెంటు గుడ్డు ఉండాది, కనపళ్ళా!"

తల్లీ పిల్లా బడే సాబ్ జొన్నచేలోకి పరుగు తీశాయి. గుడ్డు క్షేమమని ఆ సాయంత్రమే మంత్రిగారికి టెలిగ్రాం వెళ్ళింది.