తప్పు రంధ్రానికి బంధువు

అద్దంలో తప్పుచోట పడిన రంధ్రాన్ని పూడ్చడం కుదరదు కాబట్టి, కాకినాడలో అలాంటి రంధ్రాన్ని జాగ్రత్తగా ఊడదీసి, వేసినవాడి బంధువుల్లో ఒకరి ఒంటికి అమరుస్తారు.

నూకరాజు ఇరవై రెండేళ్లుగా చేపల తొట్లకు రంధ్రాలు వేస్తున్నాడు. అద్దం మీద నీళ్లు పోస్తూ, డ్రిల్లును నొక్కకుండా, దాని బరువుకే దాన్ని దిగనిస్తాడు. ఇన్నేళ్లలో రెండుసార్లే పొరపాటు చేశాడు. మూడోది ఈ మంగళవారం, రిటైరైన టీచరు అనసూయమ్మ తొట్టిలో జరిగింది. పైనుంచి నాలుగంగుళాలు కొలవాల్సింది కిందినుంచి కొలిచాడు. రంధ్రం చక్కగా, గుండ్రంగా, ఉండకూడని చోట పడింది.

"పోన్లే బాబూ, అద్దం పగల్లేదుగా," అంది అనసూయమ్మ.

నూకరాజు రంధ్రం అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గోటితో లేపి, తడిగుడ్డలో చుట్టాడు. సరైన చోట ఇంకోటి వేసి పైపు బిగించాడు. తీసిన రంధ్రాన్ని మూడు రోజుల్లో ఎవరికో ఒకరికి చేర్చాలి. గడువు దాటితే అది ఎండి బీటలు వారుతుంది. బీటలకు వేరే దరఖాస్తు.

తమ్ముడు సింహాచలానికి ఫోన్ చేశాడు.

"నీయి ఇప్పటికే నా ఒంట్లో రెండున్నాయి కదన్నియ్యా. భుజంలోది పర్లేదు. కడుపులోది ఉంది చూడు, అన్నం తింటుంటే మీ మరదలికి కనపడతంది. ఇంకోటి ఒద్దంటంది," అన్నాడు తమ్ముడు.

"సర్లేరా. పిల్లలు బాగున్నారా?"

అప్పటికే తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.

నూకరాజుకు పిల్లల్లేరు. భార్య బంగారమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. పోయినవాళ్ల పేరున రంధ్రాలు రాయడాన్ని ఆ ముందు ఏడాదే ఆపేశారు.

గురువారం పొద్దున, రంధ్రాలు అమర్చే సవరణల కార్యాలయం గేటు దగ్గర అనసూయమ్మ గొడుగు వేసుకుని నిలబడి ఉంది. తన తొట్టిలో పడింది కాబట్టి రంధ్రాన్ని తనే తీసుకుంటానంది.

గుమస్తా ఫారం తిప్పి చూశాడు.

"ఈవిడ మీకేమవుతారండి?"

నూకరాజు ఆలోచించాడు. ఆవిడ అతనికి రెండుసార్లు టీ ఇచ్చింది. రెండోసారి, పంచదార సరిపోయిందా అని అడిగింది. ఎనిమిదేళ్లలో అతన్ని అలా అడిగినవాళ్లు లేరు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

"ఏమీ అవరండి," అన్నాడు.

"అక్క అని రాసెయ్యండి," అంది అనసూయమ్మ.

"రుజువు కావాలండి. ఇద్దరూ కలిసున్న ఫొటో. పదేళ్ల కిందటిది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదేళ్ల కిందట ఆవిడ ఎలా ఉండేదో నూకరాజుకు తెలియదు. తెలిసినవాళ్లు ఆవిడకూ ఎవరూ మిగల్లేదు.

గుమస్తా విసుక్కోలేదు. బంధుత్వం గడిలో 'స్వయం' అని తనే రాసి ముద్ర వేశాడు. రోజూ పది దాకా ఇలాంటివే వస్తాయన్నాడు.

లోపలి గదిలో రంధ్రాన్ని నూకరాజు ఛాతీకి ఎడమపక్క ఆనించి, చుట్టూ సిలికాన్ రాసి, ఆరేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన కూర్చునే అనుమతి బంధువులకే ఉంది. అనసూయమ్మ కిటికీ అవతల నుంచి కాసేపు చూసి వెళ్లిపోయింది.

తర్వాత లీకు పరీక్ష. గుమస్తా అతని భార్య పేరు అడిగాడు. ఏ జబ్బుతో పోయిందో అడిగాడు. ఒక్కడికే ఏం వండుకుంటారని అడిగాడు. నూకరాజు అన్నిటికీ జవాబు చెప్పాడు. కళ్లు తడి కాలేదు. 'లీకేజీ లేదు' అని రాసి పంపించారు.

షేర్ ఆటోలో ఇంటికి వెళ్తుంటే గాలి అతనిలోంచి దూరి వెనకవాళ్లకు తగిలింది. పక్కన కూర్చున్న నడివయసు మనిషి జరిగి చోటిచ్చాడు.

"కొత్తదాండి?"

"ఇయ్యాలే పెట్టారండి."

"మొదట్లో పడుకున్నప్పుడు ఈల వేసినట్టు సౌండొస్తదండి. ఇంట్లో ఎవరన్నా ఉంటే ఆళ్లకి నిద్రుండదు."

"ఎవరూ లేరండి."

"అయితే ఏం ఇబ్బంది లేదండి," అన్నాడతను, తన చొక్కా పై గుండీ పెట్టుకుంటూ.