అసలు ఆటగాళ్ళ సంఘం

దంతాల ల్యాబులో కట్టుడుపళ్ళు తయారుచేసే పెద్దమనిషి ఒకాయన అసలు ఆటగాళ్ళ సంఘానికి ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడని ఇందుమూలంగా తెలియజేయడమైనది. సంఘంలో పధ్నాలుగు మంది. అందరూ ఆయన్ని కమాండర్ అంటారు. భార్య మాత్రం "ఏమండీ" అంటుంది, అదీ మూడోసారి కాస్త గట్టిగా.

అసలు ఆటగాడికి పెద్ద తెర, మీటలు మెరిసే కీబోర్డు, రోజుకి ఆరు గంటల సాధన, వంగిన వెన్నెముక తప్పనిసరి. ఫోన్లో రంగురాళ్ళు జరుపుకునేవాళ్ళు ఆటగాళ్ళు కారు, కాలక్షేపగాళ్ళు. ఈ జాతికి మచ్చుతునక కమాండర్ అత్తగారే. కూర కలుపుతూ ఎడమ బొటనవేలితో ఆడేస్తుందావిడ.

"దాన్ని ఆట అనరు అత్తయ్యా" అని ఆయన వారానికోసారి బోధించేవాడు.

"అనకపోతే పోనీండి బాబూ, కాస్త ఆ మూత ఇలా అందుకోండి" అనేదావిడ.

ఇలా ఉండగా పిడుగు పడింది. సంఘం తొమ్మిదేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న యుద్ధక్రీడ మూడో భాగం ఫోన్లో మాత్రమే వస్తుందని కంపెనీ ప్రకటించింది. పైగా వీరుడు కత్తి పక్కన పడేసి రంగురాళ్ళు మూడేసి వరస పేరుస్తాడట. సంఘం నల్లబ్యాడ్జీలు ధరించి కంపెనీకి నిరసన లేఖ పంపింది. "మన వేళ్ళు అరగదీసుకున్నది ఇందుకేనా?" అని కమాండర్ గర్జిస్తే ఇద్దరు బాహాటంగా కళ్ళు తుడుచుకున్నారు.

కంపెనీవారు మర్యాదస్తులు. "నమూనా ఆట పంపుతున్నాం, అందులో నలభై మెట్లు దాటి చెప్పండి, శిరసావహిస్తాం" అని జవాబు రాశారు.

నలభై మెట్లు ఒక లెక్కా అనుకుని కమాండర్ ఫోన్ పట్టాడు. ఏడో మెట్టు దగ్గర మూడు రోజులు ఇరుక్కుపోయాడు. ఆ పరధ్యానంలో ల్యాబులో ఇద్దరి పళ్ళు తారుమారయ్యాయి. ఆ ఇద్దరూ అప్పట్నుంచి ఒకరి అభిప్రాయాలు ఒకరు వెలిబుచ్చుతున్నారని వినికిడి. మిగతా పదముగ్గురూ ఆరు దాటలేదు.

నాలుగో రోజు కమాండర్ పౌరుషం చంపుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఇది కాస్త చూస్తారా?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "మూల నుంచి జరపాలి బాబూ. నడిమధ్యన పొడిస్తే ఏం లాభం?"

కుక్కర్ దిగేలోపు నలభై మెట్లూ అయిపోయాయి. ఆయన మెచ్చుకోబోతే ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళం. ఇంత తేలిక సరుకు మా మొహాన కొడతారా?"

నలభై దాటిన మనిషి ఆవిడొక్కతే కాబట్టి సంఘం ఆవిడకి సభ్యత్వం ఇవ్వక తప్పలేదు. ఇచ్చాక అధ్యక్షపదవి ఇవ్వక తప్పలేదు. ఆవిడ ఘాటుగా ఉత్తరం రాసింది. కంపెనీ వణికిపోయి ఆటని పదింతలు కఠినం చేసింది. కొత్త అధ్యక్షురాలు తొలి ఉత్తర్వుగా వెయ్యో మెట్టు చేరనివారందరినీ కాలక్షేపగాళ్ళుగా ప్రకటించి, సభ్యత్వాన్ని పదకొండు తరగతులుగా విడదీసింది.

మాజీ అధ్యక్షుడు దరఖాస్తు పట్టుకుని భోజనాల బల్ల ముందు ఇంటర్వ్యూకి హాజరయ్యాడు.

"సరదా ఉంది బాబూ మీకు. అంకితభావమే లేదు" అందావిడ, ఎంతో ఆప్యాయంగా. పదకొండో తరగతి సభ్యత్వం మంజూరైంది. ఆయన రెండ్రోజులు అన్నం సహించక తిరిగాడు. మూడోరోజు, నిన్ననే ఆట మొదలుపెట్టిన తోడల్లుడికి అదీ దక్కలేదని తెలిసి రెండోసారి వడ్డించుకున్నాడు.

ప్రస్తుతం సంఘం దివ్యంగా నడుస్తోంది. ప్రతి తరగతివారికీ జాలిపడడానికి కింద ఒక తరగతి ఉంది కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారు. ఏ ఆటా ఆడకుండా, ఆడేవాళ్ళ సంగతులు చదివి ముసిముసిగా నవ్వుకునే విజ్ఞుల కోసం ఈమధ్యనే పన్నెండోది తెరిచారు. దరఖాస్తు అక్కర్లేదు. తమరి పేరు నమోదైంది.