రెండువందల పదమూడో బొమ్మ

ఆ మంగళవారానికి ఊనా రాంకిన్ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. ఏడున్నరకు ఓట్స్ జావ, ఎనిమిదీ పదికి బస్సు, తొమ్మిదికి బల్‌మెర్రిక్ చాపెల్ అనే పాత చర్చి, పదికల్లా పని పూర్తి, పదింబావుకు గేటు ఎదురు దుకాణంలో టీ. ముప్పైనాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి వేసిన పథకం అది. చెల్లెలు ఇష్బెల్‌కు కూడా అందులో ఒక పాత్ర ఇచ్చింది. కెమెరా స్టాండు మోయాలి, నోరు మెదపకూడదు.

పదకొండేళ్లుగా ఊనా ఆ చాపెల్‌లోని రాతి బొమ్మలను ఒక్కొక్కటిగా ఫోటో తీస్తోంది. ఐదున్నర శతాబ్దాల కిందటి శిల్పులు అక్కడ జానెడు రాయిని కూడా ఊరికే వదల్లేదు. నోట్లోంచి ఆకులు మొలిచిన మనుషులు, బాతులకు ఉపదేశం చేసే నక్క, పంటినొప్పితో దవడ పట్టుకున్న దేవదూత, ఇలా మొత్తం రెండువందల పదమూడు. రెండువందల పన్నెండు ఇంట్లో ఆల్బముల్లో ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్కటి కప్పు దగ్గర మూలలో ఉంది. కింద నుంచి చూస్తే ఒక మోచెయ్యి, పైకెత్తిన ఒక వేలు మాత్రమే కనిపిస్తాయి. అది ప్రవక్త అని ఊనా వాదన. బడిలో ఒంటేలుకు అడుగుతున్న పిల్లవాడని ఇష్బెల్ వాదన.

ఇప్పుడు మరమ్మతుల కోసం ఆ మూలకు ఇనుప పరంజా కట్టారు. బుధవారం నుంచి ఆ బొమ్మకు సున్నపు పూత పట్టించి, గుడ్డ చుట్టి, రెండేళ్లపాటు మూసేస్తారు. రెండేళ్ల తర్వాత తన మోకాళ్లు నిచ్చెన ఎక్కనిస్తాయన్న నమ్మకం అరవై ఎనిమిదేళ్ల ఊనాకు లేదు. అందుకే చాపెల్ ట్రస్టుకు ఆరు ఉత్తరాలు రాసి మరీ ఈ మంగళవారం అనుమతి సంపాదించింది.

"ఫోటోలు తీయకూడదు," అంది టికెట్ గదిలోని మిసెస్ టుల్లక్, తల వెనకనున్న బోర్డును పెన్నుతో చూపిస్తూ. ఆవిడ ఆ గదిలో కూర్చోవడం ఇది రెండోరోజు.

"అనుమతి పత్రం ఉంది. ఇదిగో, సెక్రటరీగారి సంతకం."

"ఆ సెక్రటరీ పోయిన వారమే మానేశారండీ."

"మనిషి మానేస్తే సంతకం కూడా మానేస్తుందా? రేపు నువ్వు మానేస్తే, ఇవాళ నువ్విచ్చిన టికెట్లు చెల్లవా?"

మిసెస్ టుల్లక్ దీనికి జవాబు వెతుక్కునేలోపు ఊనా చట్టాన్ని, చరిత్రను, తన వయసును వరసగా ఆవిడ ముందు పరిచింది. ఐదో నిమిషంలో మిసెస్ టుల్లక్ ఓడిపోయింది. ఓడినవాళ్ల పంతం మాత్రం ఆవిడకు మిగిలింది. తర్వాత వచ్చేవాడు కెమెరాతో వస్తే, వాడు రాజుగారైనా సరే లోపలికి పంపకూడదని అక్కడికక్కడే తీర్మానించుకుంది.

"హెల్మెట్, పసుపు కోటు లేకుండా పరంజా ఎక్కకూడదు," అని గొణుగుతూ, కొక్కేనికి వేలాడుతున్న ఒకే ఒక్క కోటును తీసి ఇచ్చింది. ఊనా దాన్ని ముక్కు చిట్లించుకుంటూ తొడుక్కుంది. వీపు మీది అక్షరాలు తొడుక్కున్నవాళ్లకు కనిపించవు గదా. అక్కడ జానెడేసి నల్లటి అక్షరాల్లో "సూపర్‌వైజర్" అని ఉంది.

ఆ కోటు అసలు గిల్‌క్రిస్ట్ అనే ఆయనది. పాత సూపర్‌వైజర్ వెళ్లిపోవడంతో ట్రస్టువారు ఉత్తరాల మీదే ఇతన్ని నియమించారు. పెర్త్ నుంచి అతను ఆ ఉదయమే చేరాలి. అతని ముఖం ఇక్కడెవరూ చూడలేదు. ఊనా వెనుదిరగగానే ఆ వీపు చదివిన మిసెస్ టుల్లక్, ఇంతసేపూ తను వాదించింది సూపర్‌వైజరమ్మతోనని అనుకుంది.

"అక్కా, నీ వీపు మీద..." అంది ఇష్బెల్.

"వీపు సంగతి ఇంటికెళ్లాక చూద్దాం. స్టాండు నేలకు తగులుతోంది, ఎత్తి పట్టుకో."

ఇష్బెల్ స్టాండు ఎత్తి పట్టుకుంది. నోరు మెదపకూడదన్న షరతు గుర్తొచ్చి, మూసుకుంది.

చాపెల్ గుమ్మం చేరకముందే ఒక లారీ వచ్చి ఊనా పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మగారూ, రాళ్లు తెచ్చాను. ఎక్కడ దింపమంటారు?" అన్నాడు.

"నన్నడుగుతావేమయ్యా? ఇక్కడ చెప్పేవాళ్లే లేరా?"

"మీరేగా చెప్పాల్సింది."

దారిన పోయే ముసలిదాన్ని రాళ్ల గురించి అడిగే కాలం వచ్చిందని ఊనాకు ఒళ్లు మండింది. "ఆ గోడ వారన దింపు. దారికి మాత్రం అడ్డం పెట్టకు," అని చెప్పి లోపలికి నడిచింది. డ్రైవరు బుద్ధిగా గోడ వారన రెండు టన్నుల రాళ్లు దింపి వెళ్లిపోయాడు. ఆ గోడకు ఒక చిన్న తలుపుంది. ఆ తలుపు వెనక చిన్న గది ఉంది. ఆ గదిలో పాస్టర్ మక్వారీగారు పదకొండు గంటల పెళ్లికి ప్రసంగం రాసుకుంటున్నారు.

పెళ్లి సంగతి ఊనాకు తెలియదు. లోపల కుర్చీలకు పూలు కట్టి ఉండడం చూసి, "మరమ్మతులకు కూడా అలంకారాలా?" అని విసుక్కుని పరంజా ఎక్కింది. మూడు నిచ్చెనలు. మోకాళ్లు ఒక్కో మెట్టుకూ ఒక్కో ఫిర్యాదు చేశాయి, ఆగుతూ ఆగుతూ పైకి చేరేసరికి గంట దాటింది. పైన ఇద్దరు శిల్పులు టీ తాగుతున్నారు. ఆవిడ వీపు చూడగానే కప్పులు దాచి లేచి నిలబడ్డారు. ఇంత మర్యాద ఊనా ఊహించలేదు. ఈ దేశంలో ఇంకా ఎక్కడో పెంపకం మిగిలుందని కొంచెం మెత్తబడింది.

మెత్తదనం అరనిమిషం నిలిచింది. బొమ్మ ఉన్న మూలంతా చీకటిగా ఉంది. దుమ్ము కింద పడకుండా శిల్పులు కట్టిన పెద్ద ప్లాస్టిక్ పరదా కిటికీ వెలుతురును పూర్తిగా మింగేస్తోంది.

"ఇంత చీకట్లో పనెలా జరుగుతుంది? ఏమిటీ గుడ్డ?"

"దుమ్ముకండీ," అన్నాడు ఆండ్రా అనే పెద్ద శిల్పి. "మూడువారాలుగా కట్టే ఉంది."

"మూడువారాలా! తీసేయండి."

"ఇప్పుడా మేడమ్? కింద మరి..."

"కింద సంగతి కిందివాళ్లు చూసుకుంటారు. తీయమన్నానా లేదా?"

ముప్పైనాలుగేళ్లు పిల్లలను బల్లలెక్కించిన గొంతు అది. ఆండ్రా చెయ్యి దానంతటదే ముడి విప్పింది. పరదా ఒక పక్కకు ఒరిగింది. మూడువారాల సున్నపు దుమ్ము, రాతిపొడి, రెండు చచ్చిన పావురాలు కలిసి నెమ్మదిగా, నిండుగా కిందికి దిగాయి.

కింద అప్పుడే ముందు వరుసల్లో సర్దుకుంటున్న పెళ్లికొడుకు తరపు బంధువులు నలభైమంది ఉన్నారు. నల్లకోట్లతో వచ్చినవాళ్లు క్షణంలో పిండిమరలో పనిచేసేవాళ్లలా తయారయ్యారు. ఒక పెద్దాయన టోపీ మీద పావురం పడింది. పూలన్నీ ఒకే రంగుకు వచ్చాయి.

"ఎవరండీ ఇంత జనాన్ని పని జరిగేచోటికి రానిచ్చింది?" అని పైనుంచి ఊనా గద్దించింది. ఆవిడ కోపంలో నిజాయితీ ఉంది. దుమ్ము మేఘంలా లేచి బొమ్మను కూడా కప్పేసింది మరి. అది అణిగేదాకా ఫోటో లేదు. గడియారం పదిన్నర చూపిస్తోంది. తన పథకం ప్రకారం ఈపాటికి టీతో స్కోన్ రొట్టె తినడం కూడా అయిపోవాలి.

అదే సమయంలో గేటు దగ్గర ఇద్దరు మగవాళ్లు మిసెస్ టుల్లక్‌తో పోరాడుతున్నారు.

"నేను పెళ్లి ఫోటోగ్రాఫర్నండీ," అన్నాడు మొదటివాడు.

"బోర్డు చూడండి. ఫోటోలు తీయకూడదు."

"నేను సూపర్‌వైజర్ని," అన్నాడు రెండోవాడు. అతనే గిల్‌క్రిస్ట్. "పేరు రాసుకోండి, ఎ. గిల్‌క్రిస్ట్."

"సూపర్‌వైజరమ్మ తొమ్మిదికే లోపలికెళ్లింది. మీరు వరుసలో నిలబడండి."

"సూపర్‌వైజరమ్మేమిటి? ఆ ఉద్యోగం నాది!"

"పొద్దున్నుంచి అందరూ నాకు ఉత్తరాలు, ఉద్యోగాలే చూపిస్తున్నారు. కోటేదీ? కోటు లేని సూపర్‌వైజరుంటాడా?"

గిల్‌క్రిస్ట్ గంటసేపు నిలబడ్డాడు. సన్నటి వాన మొదలైంది. లోపలి నుంచి దుమ్ము కొట్టుకుని తెల్లగా బయటికొస్తున్న చుట్టాలను చూశాడు. ఈ ఉద్యోగంలో చేరకపోవడమే మేలనిపించి, మధ్యాహ్నం రైలుకు పెర్త్ వెళ్లిపోయాడు. చేరని ఉద్యోగానికి రాజీనామా ఏమిటని అది కూడా రాయలేదు.

లోపల ఊనా కింది నిచ్చెన దిగేసరికి ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒకావిడ దారికడ్డంగా నిలబడి ఉంది. పెళ్లికూతురి తల్లి.

"ఏమండీ, ఇదేనా పద్ధతి? పాస్టర్‌గారు లేరు, ఫోటోగ్రాఫర్ రాలేదు, వియ్యాలవారంతా సున్నం కొట్టుకున్నారు! నా పిల్ల కారులో కూర్చుని ఏడుస్తోంది. ఇక్కడ అజమాయిషీ ఎవరిది?"

"అదే!" అంది ఊనా, దుఃఖంలో తోడు దొరికినట్టు ఆవిడ చెయ్యి పట్టుకుని. "పొద్దున్నుంచి నేనూ అదే అడుగుతున్నాను. రాళ్లెక్కడ దింపాలో చెప్పే దిక్కు లేదు. దుమ్ముగుడ్డ దులిపే దిక్కు లేదు. ఈ సూపర్‌వైజరన్నవాడెవడో, నా కంటబడితే చెవి మెలేసేదాన్ని!"

పెళ్లికూతురి తల్లి ఎదురుగా నిలబడి ఉంది, వీపు చూడలేదు. ఊనా వెనకే దిగొచ్చి వీపు చూస్తున్న ఆండ్రా మాత్రం ఇష్బెల్ వంక చూశాడు. ఇష్బెల్ దేవదూత పంటినొప్పిని శ్రద్ధగా పరిశీలిస్తోంది.

అప్పుడు గోడ వెనక నుంచి దబదబా శబ్దం, "బాబూ, ఎవరైనా ఉన్నారా?" అన్న పీలగొంతు వినిపించాయి.

"పాస్టర్‌గారు!" అంది పెళ్లికూతురి తల్లి.

ఊనా బయటికెళ్లి చూసింది. తలుపుకు అడ్డంగా రెండు టన్నుల రాళ్లు. "తలుపు ముందు రాళ్లు పోస్తారా? కళ్లున్నాయా ఆ డ్రైవరుకు?" అని మండిపడింది. "ఏమిటలా చూస్తున్నారు? తీయండి!"

ఎనిమిదిమంది పనివాళ్లు పరుగెత్తుకొచ్చి పావుగంటలో రాళ్లు పక్కకు జరిపారు. ఊనా చెప్పగానే ఇద్దరు చీపుళ్లు తెచ్చారు, ఒకడు చుట్టాల కోట్లు దులిపాడు, ఇంకొకడు కారు దగ్గరికి గొడుగు పట్టుకెళ్లాడు. ఇదంతా తన గొంతు మహిమేనని ఊనా అనుకుంది. బడిలో కూడా ఇంతే, గట్టిగా చెబితే వినని పిల్లవాడు లేడు.

"మరి ఫోటోలు?" అంది పెళ్లికూతురి తల్లి, ఊనా మెడలోని కెమెరాను చూస్తూ.

"నేను రాళ్లనే తీస్తాను."

"ఒక్కటైనా తీయండి. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. లేవలేడు. ఫోటోల్లోనైనా చూస్తానని కూతురితో మాట తీసుకున్నాడు."

ఊనా కెమెరా మూత తడుముకుంది. కెమెరాలో ఒక్కటే రీలు, ముప్పైఆరు ఫోటోలు. పదకొండేళ్ల పనికి ఆఖరి రీలు. రేపటికి ఆ మూల మూసేస్తారు.

"స్టాండు ఇలా ఇవ్వు, ఇష్," అంది చివరికి. "ఆ పిల్లను ముందు ముఖం కడుక్కోమను. ఏడ్చిన ముఖంతో నేను తీయను."

ఆ పెళ్లి సవ్యంగా జరిగింది. ఫోటోగ్రాఫరుగా మారిన ఊనా కోపం చాలా ఉపయోగపడింది. "మెడ నిటారుగా పెట్టు! పెళ్లికొడుకా, చేతులు జేబులోంచి తీయి! పాస్టర్‌గారూ, మీరు కొంచెం పక్కకు, అక్కడ నక్క ఉంది!" అని ఊనా అరుస్తుంటే, పొద్దున్నుంచి బిగుసుకుపోయి ఉన్న పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కెమెరాలో పడింది. ఊనా లెక్కపెట్టుకుంటూనే తీసింది. ముప్పైఐదు దగ్గర ఆగి మూత పెట్టేసింది.

జనమంతా వెళ్లాక అక్కచెల్లెళ్లిద్దరూ మళ్లీ పైకెక్కారు. దుమ్ము అణిగి, ఎండ కిటికీలోంచి నేరుగా ఆ మూల పడుతోంది. ఊనా కళ్లజోడు తుడుచుకుని చూసింది.

ప్రవక్త కాదు, పిల్లవాడూ కాదు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతి వేలు పైకి, నోరు బార్లా తెరిచి ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర ఒక శిల్పి, ఉలి కింద పడేసి, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాడు.

ఇష్బెల్ బొమ్మ వంక చూసింది, అక్క వంక చూసింది. నవ్వు ఆపుకోలేక పరంజా గొట్టం పట్టుకుంది.

"ఎందుకా నవ్వు?" అంది ఊనా. "పాపం, ఆవిడ ఏదో సబబైన మాటే చెబుతోంది. వినే బుద్ధి అప్పటివాళ్లకూ లేదు." కానీ మీట నొక్కేముందు చాలాసేపు ఆ ముఖాన్ని చూస్తూ నిలబడింది. తర్వాత ముప్పైఆరో ఫోటో తీసింది.

కోటు, హెల్మెట్ టికెట్ గదిలో పడేసి ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే ట్రస్టుకు నాలుగు పేజీల ఫిర్యాదు రాసింది. అక్కడ అజమాయిషీ అన్నదే లేదని, ఆ సూపర్‌వైజరెవరో గాని వెంటనే తీసేయాలని ఆఖరి పేజీలో రాసి, కింద రెండు గీతలు గీసింది.

మూడువారాలకు జవాబు వచ్చింది. ఊనా దాన్ని టీ బల్ల దగ్గర నిలబడి పైకి చదివింది.

"'మీ ఫిర్యాదుతో పాటు లారీ డ్రైవరు నుంచి, పాస్టర్‌గారి నుంచి, వరుడి బంధువుల నుంచి మరో ఏడు ఫిర్యాదులు అందాయి. ఆ రోజు విధుల్లో ఉన్న సూపర్‌వైజర్, ఎ. గిల్‌క్రిస్ట్ అనే మహిళ, అందరితో దురుసుగా ప్రవర్తించినట్టు తేలింది. ఆమెను ఉద్యోగం నుంచి తొలగించాము.' చూశావా? గట్టిగా రాస్తే గాని పని జరగదు!"

"చూశానక్కా."

"గిల్‌క్రిస్ట్ అట. రోజంతా అక్కడే ఉండి ఒక్కసారైనా మన కంటబడిందా? అలాంటి మనిషిని ఒక్క పూట కూడా ఉంచకూడదు."

"ఉంచింది ఒక్క పూటేలే," అంది ఇష్బెల్, స్కోన్‌కు వెన్న రాస్తూ.