ఎర్రబారిన ఆరు దిమ్మెలు

ఆ పొద్దున ఆత్మారాం పెట్టుకున్న పని చాలా చిన్నది. తొట్టిలోంచి ఆరు కాంక్రీటు దిమ్మెలు తీయాలి, తుడవాలి, నీళ్లు మార్పించాలి, మళ్లీ ముంచాలి. అది ఇరవై రెండో రోజు. ఇంకో ఆరు రోజులు ఏ గొడవా లేకుండా గడిస్తే అతని కొలువు ఖాయం. అలా అనుకుంటూనే నాలుగో దిమ్మె పైకి తీశాడు. దాని నెత్తిన అరచేయంత ఎర్రటి మరక!

"గిదేంది? నెత్తురా?" అని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నెత్తురు వాసన రాలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం అది. బోధన్ పొలిమేరలో ఓ సేఠ్ చక్కెర కార్ఖానా కట్టిస్తున్నాడు. పొగగొట్టం పునాదికి కాంక్రీటు పోసిన రోజునే, ఆ కలిపిన మాల్‌తోనే ఆరు ఇనప అచ్చులు నింపాలి. నర్సన్న మేస్త్రీ నింపాడు. అవి గట్టిపడితే దిమ్మెలు. వాటిని ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానబెట్టి, మిషనులో పెట్టి పగిలేదాకా నొక్కితే పునాది బలమెంతో తెలుస్తుంది. ఆ పరీక్ష నేర్చుకోవడానికి మూడు నెలల కింద నిజామాబాద్ నుంచి వచ్చాడు ఆత్మారాం. అంతకుముందు మేనమామ బీడీల దుకాణంలో తునికాకు ఏరేవాడు. ఇక్కడ పని పోతే మళ్లీ ఆ ఆకు ముందరే కూర్చోవాలి, మేనమామ దెప్పుళ్లు వినాలి.

"ఈ పనిలో మొదటి పాఠం అనుమానం. ఎవరినీ నమ్మకు," అని చేరిన రోజే చెప్పాడు ఇంజనీరు సాహెబ్. తర్వాతి పాఠాలు ఆత్మారాంకు ఇంకా సరిగా పట్టుబడలేదు గాని, మొదటిది మాత్రం పదిమందికి సరిపడా ఒంటబట్టింది.

సరిగ్గా అప్పుడే నర్సన్న మేస్త్రీ పరీక్షల షెడ్డు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "ఏం తమ్మీ, నా దిమ్మెలు సల్లగున్నయా?"

రోజూ ఇదే మాట. అత్తగారింట్లో ఉన్న బిడ్డను అడిగినట్టు రాళ్ల యోగక్షేమాలు అడిగేవాడు ఊరికే అడుగుతాడా? ఆత్మారాం గబుక్కున ఎర్ర మరక మీద గోనెపట్టా కప్పి, "ఉన్నయ్ నర్సన్నా, నువ్వు పో," అన్నాడు. కానీ మేస్త్రీ కళ్లు అప్పటికే ఆ మరక మీద పడ్డాయి.

మర్నాటికి ఇంకో రెండు దిమ్మెలు ఎర్రబడ్డాయి. ఆ మర్నాటికి ఆరుకు ఆరూ! ఆత్మారాంకు సంగతి అద్దంలో కనిపించినంత స్పష్టంగా అర్థమైపోయింది. మేస్త్రీ మాల్ నాసిరకం. పరీక్షలో తేలిపోతుందని భయం. అందుకే వేరే గట్టి దిమ్మెలు చేయించి పెట్టాడు. మార్చేటప్పుడు తడబడకుండా వీటికి గుర్తు పెట్టుకుంటున్నాడు. దొంగముండాకొడుకు!

తొట్టికి నీళ్లు మోసే హన్మవ్వను పక్కకు పిలిచాడు. "హన్మవ్వా, నేను లేనప్పుడు షెడ్డులకు ఎవలన్న వస్తున్నరా?"

"ఎవలొస్తరయ్యా, నేనేనాయె."

"నువ్వు గాక?"

"నేను గాక ఆ దేవుడే," అని హన్మవ్వ తొట్టి వైపు తిరిగి కళ్లు మూసుకుని దండం పెట్టింది. ఈమె కూడా మేస్త్రీ మనిషేనని ఆత్మారాం తేల్చుకున్నాడు.

ఇక ఆలస్యం చేయలేదు. షెడ్డు వెనక నిరుటి పనికిరాని దిమ్మెలు ఎండకు ఎండి వానకు తడిసి పడి ఉన్నాయి. మేస్త్రీ మార్చినా అవే పోతాయి, పరీక్ష రోజు అసలువి తెచ్చి పెట్టొచ్చని, వాటిలో ఆరింటికి అంకెలు వేసి తొట్టిలో పెట్టి, అసలు దిమ్మెలను సాయంత్రానికి రెండు చొప్పున గోనెసంచిలో ఇంటికి మోసుకుపోయాడు. ఒక్కోటి తొమ్మిది శేర్లుంది. మూడు సాయంత్రాలకు నడుం పట్టేసింది.

అద్దెకున్న ఇంటి యజమానురాలు సత్తవ్వ. వాకిట్లో నీళ్ల గోలెం ఉంది. "అవ్వా, గీ గోలెం నాకు నాలుగు దినాలు ఇయ్యి. మూత తియ్యకు. ఎవలకు చెప్పకు," అన్నాడు ఆత్మారాం. సత్తవ్వకు ఆ క్షణం దాకా గోలెం ధ్యాసే లేదు.

ఇరవై ఎనిమిదో రోజు తెల్లారగానే సంచి పట్టుకుని గోలెం మూత తీస్తే లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు. గల్లీ చివర గోలగోలగా ఉంది. పరుగెత్తాడు. కొత్తగా అలికిన గద్దె మీద ఆరు దిమ్మెలూ వరుసగా నిలబడి ఉన్నాయి. కింద సున్నంతో అతికించారు. పైనుంచి కిందిదాకా ఎర్రగా మెరిసిపోతున్నాయి. ఎదురుగా దీపాలు, కొబ్బరిచిప్పలు, ఇరవైమంది ఆడవాళ్లు. అందరికంటే ముందు హన్మవ్వ!

"ఏం పనే ఇది!" అని గొంతు చించుకున్నాడు.

"ఏం పనంటవేందయ్యా? చెప్పులిడిసి లోపటికి పోతివి. దినాం తానం చేపిస్తివి. నీళ్లల్ల పండవెడ్తివి, దినాలు లెక్కవెడ్తివి. ప్రతిష్ఠకు గాక దేనికి? నీళ్లు మార్చేటప్పుడు జరంత పసుపు వెట్టిన. వెట్టిన పసుపు కుంకుమైపాయె! మొన్నటి సంది తొట్టిల వెడ్తె పసుపు పసుపే ఉన్నది. దేవుడు లేసిపోయిండని ఏడ్సిన. తీరా సూస్తే సత్తవ్వ గోలెంల ఉన్నడు!"

"అది నా కొలువే అవ్వా!" అని ఆత్మారాం నెత్తి కొట్టుకున్నాడు.

"నీ కొలువే గాదు బిడ్డా, గల్లీ అంత సల్లగుంటది," అంది సత్తవ్వ నిండు మనసుతో.

అతడు ఉత్త చేతులతో షెడ్డుకు చేరేసరికి ఇంజనీరు సాహెబ్ తొట్టిలోంచి మొదటి దిమ్మె మిషనులో పెట్టేశాడు. నిజం చెప్పేయాలని ఆత్మారాం నోరు తెరిచాడు. మేనమామ మొహం గుర్తొచ్చింది. మూసుకున్నాడు. అంతలోనే దిమ్మె పళ్ల కింద సకినంలా పొడిపొడి అయింది.

నర్సన్న ఎగిరిపడ్డాడు. "గివి నావి గావు సాహెబ్! నా వాటి నెత్తిన ఎర్ర మరక ఉండె, కండ్లార సూసిన. గీ పిలగాడు మార్చిండు! నావి తెప్పియ్యుండ్రి, మీ మిషనే ఇరుగుతది!"

ఆత్మారాం ఏడుస్తూ అంతా చెప్పేశాడు. సాహెబ్ మొహం కందగడ్డ అయింది. "అనుమానపడమంటే ఎత్తుకుపొమ్మనా? సాయంత్రం బండికి నిజామాబాద్ వెళ్లిపో. ముందు ఆ దిమ్మెలెక్కడున్నాయో చూపించు."

ముగ్గురూ గల్లీకి వచ్చారు. సాహెబ్ దిమ్మెలను చూసి నవ్వు ఆపుకున్నాడు. "సిమెంటులో సున్నం గుణం ఉంటుందమ్మా. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కదా? మీరు ఇంట్లో కుంకుమ చేసేది అట్లాగే కదా!"

"మేం జేస్తే మేం కలుపుతం సాహెబ్. ఈడ ఎవలు కలిపిండ్రు?" అంది సత్తవ్వ. "పలగ్గొడ్తరా? ముందు నా నెత్తి పలగ్గొట్టుండ్రి."

నర్సన్న బతిమాలాడు. "గట్లనకే అవ్వా. మిషన్ల వెట్టాలె. నా మాల్ మంచిదని తేలాలె."

"మంచిదని తేలనీకి పలగ్గొట్టుడెందుకు?" అని హన్మవ్వ అడ్డం వచ్చింది. "దేవుని మీద చెయ్యి వెట్టి చెప్పరాదు? పునాదిల గూడ గిదే మాల్ వోసిన్నని చెప్పు. సాహెబ్ ఇంటడు, మేం ఇంటం."

నర్సన్న నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దిమ్మెకు జానెడు దూరంలో ఆగింది. మళ్లీ చాపాడు. ఈసారి బెత్తెడు దూరంలో ఆగింది. ఆడవాళ్లందరూ ఆ చెయ్యి వైపే చూస్తున్నారు. సాహెబ్ నవ్వు ఆరిపోయింది.

నర్సన్న అక్కడే కూలబడ్డాడు. "అచ్చులల్లనే సిమెంటు నిండుగ వోసిన సాహెబ్! పునాదిల... బస్తా వొయ్యాల్సిన కాడ అరబస్తనే వోసిన. నన్ను కాపాడుండ్రి!"

ఆ దిమ్మెలే మిషనులోకి వచ్చి ఉంటే దర్జాగా నెగ్గేవి. సాహెబ్ సంతకం పెట్టేవాడు. ఆ అరబస్తా పునాది మీద పొగగొట్టం నిలువునా లేచేది, కింద మనుషులు పనిచేసేవాళ్లు. సాహెబ్ జేబురుమాలుతో నుదురు తుడుచుకుని ఆత్మారాం వైపు తిరిగాడు.

"రేపు పునాది తవ్వించాలి. నువ్వుండాలి. ఇకనుంచి అచ్చులు నీ చేత్తోనే నింపు, నేను చూస్తుండగా," అన్నాడు. సాయంత్రం బండి ఊసు మళ్లీ ఎత్తలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చాక, పరీక్ష పుస్తకంలో ఆ రోజు పుట నింపమన్నాడు సాహెబ్. ఏది ఎంత ఒత్తిడికి పగిలిందో రాయాల్సిన గడి దగ్గర ఆత్మారాం కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి గుండ్రటి అక్షరాలతో రాశాడు: "దిమ్మెలు ఆరు, పగలలేదు. మేస్త్రీ ఒకడు, చెయ్యి తగలకముందే పగిలాడు."